ఉపేక్షయు అలక్ష్యమును

ఖరగ్‌పూర్ పట్టణమున మలంచాలో చిరకాలముగా కాపురమున్నవారికి రాత్రివేళ రైళ్ళ చప్పుడు వినబడదు. వినబడదనుట సరికాదేమో. చప్పుడు చెవికి సోకుచునే యుండును, మనస్సు దానిని గడప దాటి లోనికి రానీయదు. గూడ్సు బండి పెట్టెలు ఒకదానికొకటి తగులుకొను మ్రోత, ఇంజను కూత, పట్టాలపై చక్రముల రొద, ఇవి యన్నియు తెల్లవారువరకు సాగుచునే యుండును. శ్రీకాకుళమునుండియో విజయనగరమునుండియో క్రొత్తగా వచ్చిన చుట్టము మొదటి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేక ప్రక్కపై దొరలును. నాలుగవ రాత్రికి ఆతడును ఇంటివారివలెనే గుఱ్ఱు పెట్టును. ఐనను ఆ యింటిలోనే ఉయ్యాలలోని పసిబిడ్డ చిన్నగా మూలిగినంతనే తల్లి లేచి కూర్చుండును. ఆ మూలుగు రైలు కూతలో నూఱవ వంతైనను లేదు. ఇంతకంటెను వింత మఱియొకటి కలదు. రైల్వేలో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్న ముదుసలి, నిత్యము వేళకు పోవు బండి ఏనాడైన పోకున్నచో ఆ వేళకు మేల్కొనును. వచ్చిన చప్పుడు ఆతని లేపలేదు, రాని చప్పుడు లేపినది.

ఈ యూరిలో తెలుగువారికి రైలుతో చుట్టరికము పాతది. బెంగాల్ నాగపూర్ రైల్వే యిచ్చట స్టేషనును, కర్మాగారమును నిర్మించిన నాటినుండి ఉత్తరాంధ్రమునుండి కుటుంబములు పనికై తరలివచ్చి స్థిరపడినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషాస్థాయి నొసగుటకు నిర్ణయించినప్పుడు ముఖ్యముగా తలంచినది ఈ ప్రాంతపు తెలుగువారినే. ప్రస్తుత విచారమున కావలసినది వారి చరిత్ర కాదు, వారి నిద్ర. నిదురించువాడు ఏది విడువదగినదో, ఏది విడువరానిదో ఎట్లు ఎఱుగుచున్నాడు? ప్రతి చప్పుడును పరీక్షించి, "ఇది నాకు అక్కఱలేదు" అని నిర్ణయించుచున్నాడా? అట్లు నిర్ణయించుచున్నచో అది నిద్ర యెట్లగును?

తత్త్వవేత్తలకు మాత్రమే తోచిన యీ ప్రశ్న, గడచిన అఱువదియేండ్లలో యంత్రనిర్మాతలకు తప్పించుకొనరాని చిక్కుగా పరిణమించినది. లోకవిషయములను వాక్యముల రూపమున, నియమముల రూపమున కంప్యూటరునకు నేర్పి, ఆ జ్ఞానముతో అది స్వయముగా ఆలోచించునట్లు చేయవలెనని కొందఱు పూనుకొనిరి. జాన్ మెకార్తీ, పాట్రిక్ హేస్ అను విద్వాంసులు 1969లో ప్రకటించిన వ్యాసమున ఈ పూనికలోని ఒక లోతైన కష్టమును బయటపెట్టిరి. ఒక పని జరిగినప్పుడు ఏమేమి మాఱినవో యంత్రమునకు చెప్పుట సులభము, ఏమేమి మాఱలేదో చెప్పుటయే దుర్భరము. బల్లపైనున్న చెంబును ఇటునుండి అటు జరిపినచో చెంబు చోటు మాఱినది. గోడ రంగు మాఱలేదు, పొరుగువాని వయస్సు మాఱలేదు, గంగ ప్రవాహము మాఱలేదు. ఇవి చెప్పనక్కఱలేదని మనకు తోచును. యంత్రమునకు అట్లు తోచదు, చెప్పినదే దానికి తెలియును.

అమెరికా తత్త్వవేత్త డేనియల్ డెనెట్ 1984లో దీనిని ఒక కథగా కల్పించెను. ఒక యంత్రపురుషునకు ప్రాణాధారమగు బ్యాటరీ ఒక గదిలో బండిపై నున్నది, ఆ గదిలో కొలదిసేపటిలో ప్రేలనున్న బాంబును కలదు. మొదటి యంత్రపురుషుడు బండిని లాగుకొని వచ్చెను. బాంబు ఆ బండిపైననే యున్నదని యెఱిగియు, బండితోపాటు అదియు వచ్చునను సంగతిని ఊహింపలేక నశించెను. రెండవవానికి తన పనివలన కలుగు ఫలములనన్నిటిని ముందుగా ఆలోచింపవలెనని నేర్పిరి. బండి లాగినచో గోడల రంగు మాఱదని నిరూపించుట ముగించునంతలో బాంబు ప్రేలెను. మూడవవానికి అక్కఱలేని ఫలములను విడువుమని నేర్పిరి. వాడు గది బయటనే కదలక కూర్చుండెను. ఏమి చేయుచున్నావని యడుగగా, అక్కఱలేనివానిని వేలకొలది గుర్తించి ఒక్కొక్కటిగా విడుచుచున్నానని బదులు చెప్పెను. బాంబు ప్రేలెను.

ఈ మూడవవానిని చూచి నవ్వుట సులభమే. కాని, మనస్సునుండి ఒక్కొక్క తలంపును పట్టి బయటకు గెంటివేయవలెనని ధ్యానమునకు కూర్చుండి, గెంటుటయందే కాలమంతయు గడపు సాధకుడును వానికి దగ్గఱి చుట్టమే.

మన దేశమున తార్కికులు ఈ చిక్కును వేఱొక ద్వారమున ప్రవేశించి చూచిరి. కుండకు కారణమేది? మన్ను, కుమ్మరి, సారె, దండము. సరియే. ఆ దండముయొక్క రంగు? అదియు కుండకు ముందే యున్నదికదా. కుమ్మరి తండ్రి? ఆతడు లేనిదే కుమ్మరి లేడు. సర్వత్ర వ్యాపించిన ఆకాశము? మన్ను మోసికొని వచ్చిన గాడిద? ఇట్టివానికి న్యాయశాస్త్రమున అన్యథాసిద్ధములని పేరు. ఆంధ్రుడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికలో వీనిని మూడు తెఱగులుగా విభజించెను. 17వ శతాబ్దమున వంగదేశపు నైయాయికుడగు విశ్వనాథ పంచాననుడు అయిదు తెఱగులుగా విభజించెను, గాడిద ఆ యైదవ తెఱగునకు చెందినది. శాస్త్రము చదివిన పిల్లలు తక్కిన నాలుగింటిని మఱచినను గాడిదను మాత్రము మఱవరు.

ఇందు గమనింపదగిన యుక్తి యొకటి కలదు. నైయాయికుడు లోకములోని వస్తువులనన్నిటిని వరుసగా నిలిపి, ఇది కారణము కాదు, ఇది కారణము కాదు, అని త్రోసివేయుచు కూర్చుండడు. కుండ పుట్టుటకు నియతముగా ఏవి ముందుండవలెనో, ఏవి చాలునో మొదట స్థాపించును. అవి చాలినప్పుడు తక్కినదంతయు ఒక్క వ్రేటున ప్రక్కకు తొలగును. విడుచుట యిచ్చట వేఱొక పని కాదు, గ్రహించుటకు నీడవంటిది. మూడవ యంత్రపురుషునికి లేనిది ఈ యుక్తియే.

విజ్ఞానాధారముగా నడచు కంప్యూటరు వ్యవస్థలను నిర్మించినవారును, తార్కికుల నెఱుగకయే, ఇంచుమించుగా ఈ మార్గమునే పట్టిరి. 1970ల తొలినాళ్ళలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ నిర్మించిన మైసిన్ అను వ్యవస్థ, రక్తమున చేరిన సూక్ష్మజీవుల జాతిని ఊహించి మందు సూచించునది. దానిలో కొన్ని వందల నియమములుండెను. అది ముందునుండి వెనుకకు నడచును. ఏ సూక్ష్మజీవియో తేల్చవలెను, అందులకు ఏ నియమము పనికివచ్చును, ఆ నియమమునకు ఏ సంగతి తెలియవలెను, ఆ సంగతిని మాత్రమే వైద్యుని అడుగును. గమ్యమునకు అక్కఱలేని ప్రశ్న దాని నోట రాదు. చార్లెస్ ఫోర్గీ కల్పించిన రీటే అను పద్ధతిలో, ఒక క్రొత్త సంగతి తెలిసినప్పుడు యంత్రము నియమములనన్నిటిని మరల మొదటినుండి తిరుగవేయదు. ఆ సంగతి తాకిన నియమములు మాత్రమే కదలును, తక్కినవి నిదురించును. మలంచాలోని నిద్రకు ఇది కొంత పోలిక.

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు ప్రముఖముగా నిలిచియున్నది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డి, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డున డాక్టరు పట్టమందెను. ఆతని ఆచార్యుడు పైన చెప్పిన మెకార్తీయే. పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మనుష్యుల మాటను యంత్రమునకు వినిపించు పనికి ఆతడు నాయకత్వము వహించెను. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలసి ట్యూరింగు పురస్కారము నందుకొనెను.

మాటను వినుట యనగా విడువదగినదానిని విడుచుటయే. ఒకే వాక్యమును పలుకు గొంతు, యాస, దగ్గు, గదిలోని పంకా రొద, ఇవి యన్నియు ఒకే ధ్వనిగా కలసి వచ్చును. 1970లలో ఆ విశ్వవిద్యాలయమున ఇందులకై రెండు వ్యవస్థలు పుట్టినవి. వాని భేదము ఆలోచింపదగినది. మొదటిదానికి హియర్‌సే అని పేరు. దాని రెండవ రూపమున ఒక ఊహాత్మకమైన నల్లబల్ల యుండెను. ధ్వనులెఱిగిన భాగము, పదములెఱిగిన భాగము, వాక్యనిర్మాణమెఱిగిన భాగము, ఇవి తమ తమ ఊహలను ఆ బల్లపై వ్రాయును. ఏ ఊహ ఎక్కువ ఆశాజనకముగా నున్నదో చూచి, ఒక కార్యనిర్ణేత దానిని ముందుకు నడుపును. బలహీనమైన ఊహ వెనుకబడును, కాని బల్లపైననే యుండును. తరువాత వచ్చిన పదమొకటి దానికి బలము చేకూర్చినచో అది మరల తల యెత్తగలదు. రెండవ వ్యవస్థ పేరు హార్పీ. రాజ్ రెడ్డి శిష్యుడగు బ్రూస్ లోవర్ దానిని 1976 నాటికి సిద్ధము చేసెను. అది ప్రతి యడుగునను ఉత్తమమైన మార్గమునకు చేరువగా నున్న కొలది మార్గములను మాత్రమే ఉంచుకొని తక్కినవానిని కత్తిరించివేయును. కత్తిరించినది తిరిగి రాదు. నాలుగవ పదము వినిన పిదప, మొదట త్రోసివేసిన మార్గమే నిజమైనదని తేలినను ఫలము లేదు.

పరీక్షలో ఏది గెలిచినది? వేయి పైచిలుకు పదముల పరీక్షలో హార్పీయే మేలుగా నిలిచినది. ఇది దాచరాని సత్యము. విడిచినదానికి మరల చోటిచ్చు ఔదార్యము మంచిదని చెప్పుట సులువు, దానికి వెల కలదు. కాలము వ్యయమగును, తీర్పు ఆలస్యమగును. త్వరగా తేల్చవలసిన పనులలో నిర్దయగా కత్తిరించువాడే నెగ్గుట లోకమున నిత్యము చూచుచున్నదే. వాక్యమొకటి తప్పుగా వినినచో నష్టము స్వల్పము, మరల చెప్పించుకొనవచ్చును. కత్తిరింపబడినది ధ్వని కాక మనుష్యుడైనప్పుడు ఈ లెక్క నిలుచునా యనునది వేఱు విషయము.

నేటి భాషాయంత్రములు వేఱొక త్రోవ త్రొక్కినవి. 2017లో ప్రకటితమైన నిర్మాణపద్ధతి ననుసరించి అవి వాక్యములోని ప్రతి పదమునకు ఒక తూకము వేయును. అక్కఱలేని పదమునకు తూకము స్వల్పము, మూలపద్ధతిలో అది పూర్తిగా సున్న కాదు. ఏదియు త్రోసివేయబడదు, అంతయు పలుచబడును. ఇది విశాలహృదయమువలె కనబడును గాని, ఒక చిన్న లెక్కలో సంబంధములేని వాక్యమొకటి చేర్చినంతనే ఇట్టి యంత్రములు తడబడి తప్పు సమాధానము చెప్పుట కలదని 2023లో పరిశోధకులు చూపిరి. గాడిదకు కుండలో కొంత పాలు ఇచ్చినవాని గతి యిదియే.

మరల ఆ గాడిదను గూర్చి యొక మాట. అది కుండకు అన్యథాసిద్ధము. ఐనచో కుండ వెలకు? గాడిద కుంటినచో కుమ్మరి మన్ను తాను మోయవలెను, సంతకు పోవు కుండలు తగ్గును. కాబట్టి ఒక ప్రశ్నకు అక్కఱలేనిది వేఱొక ప్రశ్నకు ప్రాణము కావచ్చును. అక్కఱలేమి వస్తువునందు లేదు, అడిగినవాని ప్రశ్నయందున్నది. ఏ ప్రశ్నకును పనికిరాకున్నను ఆ గాడిదకు దాని ఆకలి దానికి కలదు. తార్కికుడు దీనిని ఎఱుగనివాడు కాడు. ఆతడు గాడిదను చూచెను, దానికి పేరు పెట్టెను, ఎందులకు విడుచుచున్నాడో కారణము చెప్పెను. వ్యభిచారము చూపగలిగినవాడెవడైన వచ్చినచో తీర్పును మరల విప్పుటకు శాస్త్రమున త్రోవ యుంచెను. విడుచుటకును లెక్కచెప్పుట ఇది.

దీనినే పెద్దలు ఉపేక్ష యనిరి. పతంజలి యోగసూత్రములలో చిత్తప్రసాదమునకు చెప్పిన నాలుగు భావనలలో ఉపేక్ష కడపటిది. సుఖమందున్నవారియెడ మైత్రి, దుఃఖమందున్నవారియెడ కరుణ, పుణ్యమందు ముదిత, ఆ పిమ్మట అపుణ్యమందు ఉపేక్ష. ఉపేక్షించువాడు చూడవలెను. సుఖమో దుఃఖమో పుణ్యమో కాదో తెలియనివానికి ఏది యెచ్చట చెల్లునో తెలియదు. 'ఈక్ష' అను మాటయే చూచుటను తెలుపును. అలక్ష్యము వేఱు. అచ్చట చూపే లేదు. వాడుకలో ఈ రెండు మాటలు ఒకదాని చోట ఒకటి వచ్చుచున్నవి. అధికారి అర్జీని ఉపేక్షించెనందురు, నిజమునకు ఆతడు దానిని విప్పియుండడు.

తెలంగాణమున రేషను కార్డుల విషయము ఈ భేదమును కన్నులకు కట్టించినది. ప్రభుత్వము వద్దనున్న వేర్వేరు పట్టికలను, వాహనములు, ఆస్తులు, ఉద్యోగములు మున్నగువానిని కలిపి, ఒక కుటుంబమునకు అర్హత కలదో లేదో తేల్చు సమగ్ర వేదిక అను కంప్యూటరు వ్యవస్థ యచ్చట నడచినది. ఇల్లిల్లు తిరిగి విచారింపక, కంప్యూటరు గణనను ఆధారముగా గొని కార్డులు రద్దుచేసిరని వ్యాజ్యము సుప్రీము కోర్టునకు పోయెను. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రమున పునఃపరిశీలింపవలెనని 2022 ఏప్రిలులో న్యాయస్థానము ఆదేశించెను. పేరు పోలికచే వేఱొకని కారు ఒక పేదవాని లెక్కలో చేరి, వాని కుటుంబమునకు బియ్యము నిలిచిపోయిన సందర్భమొకటి పత్రికలకు ఎక్కినది. ఇందు యంత్రపు దోషము రెండు విధములు. విడువవలసిన కారును విడువలేదు, విడువరాని ఇంటిని విడిచినది. ఆ ఇంటివాని గుమ్మము ఎట్లున్నదో చూచుట దాని నియమములలో లేదు. దానిపై కోపించి లాభము లేదు. చూడకుండుటకు ఎవరో నిర్ణయించిరి, ఆ నిర్ణయించినవారికి ఆ ఇల్లు కనబడనక్కఱలేదు.

ఇట్టిదే, ఇంతకంటెను సూక్ష్మమైనది, ఖరగ్‌పూర్ స్టేషనునందే నిత్యము పనిచేయుచున్నది. 2017 నవంబరులో అచ్చట నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు సుమారు 800 మార్గములను నడుపగలది. సిగ్నలు పచ్చబడుటకు ముందు అది అడుగు ప్రశ్నలు కొన్నియే. ముందున్న పట్టా ఖాళీగా నున్నదా? పాయింట్లు ఆ మార్గమునకే తిరిగి బిగిసియున్నవా? దీనిని అడ్డగించు వేఱొక మార్గము తెఱచియున్నదా? బండిలోనున్నది బొగ్గో పసిబిడ్డలో అది అడుగదు. వర్షమో, పండుగయో, డ్రైవరు నిదురలేమితో నున్నాడో దానికి పట్టదు. ఆ పట్టకుండుటయే దాని బలము. మనుష్యుడు అలసట చేతను, తొందర చేతను, పై అధికారి గదమాయింపు చేతను చేయగల తప్పులు దానికి సోకవు. విడువవలసినదానిని ఇంత నిష్ఠగా విడుచువాడు మనుష్యులలో అరుదు.

కాని ఆ మూడు ప్రశ్నలకు సమాధానము తెచ్చునది తీగె. తీగె చెప్పినదే దానికి ప్రమాణము. 2023 జూన్ 2వ తేది సాయంకాలము షాలిమార్‌నుండి చెన్నపట్టణమునకు పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు ఖరగ్‌పూర్ దాటి ఒడిశా బాలాసోరు జిల్లాలోని బహనగా బజార్ స్టేషనును సమీపించెను. ఆ స్టేషను ఖరగ్‌పూర్ డివిజనులోనిదే. ప్రధానమార్గమునకు పచ్చ సిగ్నలు పడెను. పాయింట్లు మాత్రము లూప్ లైనుకు తిరిగియున్నవి. బండి లూప్ లైనులో ప్రవేశించి, అచ్చట నిలిచియున్న గూడ్సును ఢీకొనెను. 290 మందికి పైగా మరణించిరి. ఆ బండిలో బెంగాలీలు, ఒడియావారు, తమిళులు, తెలుగువారు ఉండిరి. సిగ్నలు తీగెల మార్పులో మునుపు జరిగిన పొరపాటును, ఆనాడు లెవెల్ క్రాసింగు గేటువద్ద జరిగిన పనిలోని పొరపాటును రైల్వే భద్రతా కమిషనరు నివేదిక కారణములుగా చూపెను. యంత్రము అబద్ధమాడలేదు. తనకు అందిన మాటను నమ్మి, తక్కిన లోకమును నియమప్రకారము విడిచిపెట్టెను.

అంతతో నివేదిక ఆగలేదు. 2022 మే 16వ తేదిన అదే డివిజనులో బాంక్రా నయాబాజ్ స్టేషనువద్ద తీగెల తప్పుచేతనే బండి వేఱొక మార్గమున పోయిన సంఘటన జరిగెననియు, అప్పుడే దిద్దుకొనియుండినచో బహనగా ప్రమాదము తప్పియుండెడిదనియు అందున్నది. బహనగాలోని పాయింట్లు పలుమాఱు వింతగా నడచుచుండినను ఆ సంగతి సిగ్నలు శాఖవారికి తెలుపబడలేదనియు అందున్నది. ఇచ్చట చూడనివాడు యంత్రము కాదు. కన్నులుండి, రెండవ మాఱును మూడవ మాఱును చూచినవారికి ఆ వింత క్రమముగా అలవాటై, చప్పుడులలో నొక చప్పుడై పోయెను. తొలి రాత్రి నిదుర పట్టక దొరలిన చుట్టము నాలుగవ రాత్రి గుఱ్ఱుపెట్టినట్లే.

బాంక్రా నయాబాజ్ సంఘటనకును బహనగాకును నడుమ ఒక సంవత్సరము పదునేడు దినములు గడచినవి. ఆ దినములన్నిటను బండ్లు రాత్రింబవళ్ళు ఆ త్రోవన పోవుచునే యుండెను. మలంచాలో ఎవరికిని నిద్రాభంగము కాలేదు.